కౌంటరుకి ఇవతల

పోయిన వారం లెక్కల టీచరును ఎక్కడ వదిలేశామో ఒకసారి గుర్తు చేసుకుందాం. పొద్దున్న ఏడున్నరకి బాత్రూము తలుపుకి లోపల గడియ వేసుకుని, ఫ్లష్ మీద చెయ్యి పెట్టి, నొక్కకుండా నిలబడి ఉంది. మూడు వారాలుగా ఆమెకి కుడి డొక్క కింద నొప్పి. అన్నం తిన్న గంటకి మొదలై, వీపు మీదికి పాకి, కుడి రెక్క దగ్గర తిష్ఠ వేసేది. మందుల షాపు నడిపే మొగుడు దానికి గ్యాస్ అని పేరు పెట్టి, గులాబీ రంగు సిరప్పు మూడు సీసాలు తాగించాడు. నాలుగు రోజులుగా మూత్రం పాలు పోయని టీలా వస్తోంది. అరచేతులూ అరికాళ్ళూ ఒకటే దురద. నిన్న ఏడో తరగతిలో ముందు బెంచీ పిల్ల "టీచర్, మీ కళ్ళు పచ్చగా ఉన్నాయి" అంటే, "ముందు నీ లెక్క సంగతి చూసుకో" అని కసురుకుంది. ఇవాళ మోషన్ రంగు కూడా మారిపోయింది. గోడకి పూసే సున్నం ముద్దలా, తెల్లగా, కాస్త బూడిద చాయతో వచ్చింది.

ఆమె ఫ్లష్ నొక్కింది. నీళ్ళు సుడి తిరిగి పోయాక కూడా కాసేపు అక్కడే నిలబడింది. ఇరవై రెండేళ్ళుగా బోర్డు మీద లెక్కలు చెప్తున్న మనిషి. ఆ నొప్పి, ఆ పచ్చదనం, ఆ టీ రంగు, ఇప్పుడు ఈ సున్నం. అన్నీ ఒక్కచోట పెట్టి చూస్తే ఇది గ్యాస్ కాదని ఏ పిల్లయినా చెప్తుంది. నిజానికి కాదని ఆమెకి వారం కిందటే తెలుసు. తెలిసీ, మొగుడి మాట మీద గౌరవం కొంతా, ఇలాంటిది నోటితో చెప్పుకోవాలంటే సిగ్గు కొంతా కలిసి నోరు నొక్కేశాయి.

"చాల్లే గౌరవం" అనుకుని గడియ తీసింది.

మొగుడు అప్పటికే షాపుకి వెళ్ళిపోయాడు. ఆమె హెడ్ మిస్ట్రెస్‌కి ఫోన్ చేసింది.

"ఇవాళ రాలేను మేడం."

"ఒంట్లో బాలేదా?"

"అదే తేల్చుకోడానికి వెళ్తున్నాను."

వీధి చివర నాలుగు రోడ్లు కలిసే చోట ఉంది ఆ మందుల షాపు. నడిపే ఆయన డాక్టరు కాడు. ఫార్మసీ చదివాడు, అంతే. అయినా వీధి వీధంతా ఆయన్ని 'డాక్టరు గారూ' అనే పిలుస్తుంది. మొదట్లో కాదు కాదనేవాడు. తర్వాత్తర్వాత నవ్వి ఊరుకున్నాడు. ఈ మధ్య ఎవరైనా అలా పిలవకపోతే ముఖం ముడుచుకుంటున్నాడు. మనం మాత్రం షాపాయన అనే అనుకుందాం.

మనిషి చెడ్డవాడేం కాదు. అక్కర్లేని మందు ఎవరికీ అంటగట్టడు. సాయంత్రాలు బడి నుంచి వచ్చాక టీచరు కూడా కౌంటరు లోపల కూర్చుని, చీటీలు చూసి మందులు తీసిచ్చేది. అలా పద్దెనిమిదేళ్ళుగా వింటూ ఉండడంతో ఆయన మాటలు ఆమెకి కంఠతా వచ్చేశాయి. కడుపునొప్పి అని ఎవరొచ్చినా ఆయన గొంతు తగ్గించి అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "మోషన్ ఏ రంగులో వస్తోంది?" చెప్పడానికి మెలికలు తిరిగేవాళ్ళని మందలించేవాడు కూడా. "నా దగ్గర సిగ్గేంటి? ఇనుము మాత్రలు వేసుకున్నా నల్లగా వస్తుంది, బీట్‌రూట్ తిన్నా ఎర్రగా వస్తుంది. అది వేరు. కానీ తారులా నల్లగా జిగటగా ఉన్నా, రక్తం పడుతున్నా, సున్నంలా తెల్లగా ఉన్నా నా దగ్గర ఒక్క నిమిషం నిలబడొద్దు. దానికి నా షాపులో మందు లేదు. తిన్నగా ఆసుపత్రికి పొండి."

దారిన పోయేవాళ్ళని కూడా అడిగే ఆ ప్రశ్న పెళ్ళాన్ని మాత్రం అడగలేదు. దురద అంటే సబ్బు మార్చమన్నాడు. మూత్రం రంగు మారిందంటే నీళ్ళు బాగా తాగమన్నాడు. ఎందుకు అడగలేదో ఆమెకి ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు.

షాపు దగ్గరికి వెళ్ళేసరికి, వేలు కోసుకుని గుడ్డ చుట్టుకొచ్చిన వడ్రంగి కౌంటరు ముందున్నాడు. అతని వెనక బిడ్డని చంకనేసుకుని పాలబూతు ఆవిడ. టీచరు వెళ్ళి ఆవిడ వెనక నిలబడింది. ఆమె వెనక్కి రిటైరైన పోస్టుమాన్ వచ్చి చేరాడు.

షాపాయన తలెత్తి చూశాడు. "లోపలికి రా. తలుపు తీసే ఉంది."

"లోపలికి రావడానికి రాలేదు."

"మరి?"

"కడుపునొప్పికి మందడగడానికి వచ్చాను. నా వంతు రానివ్వండి."

వడ్రంగి నవ్వాడు. టీచరు నవ్వలేదని చూసి నవ్వు సగంలో మింగేసి, కట్టు కట్టించుకున్న వేలు పైకి పట్టుకుని ఓ పక్కగా నిలబడ్డాడు కానీ, వెళ్ళలేదు. పాలబూతు ఆవిడ దగ్గు మందు తీసుకుంది. ఆవిడా వెళ్ళలేదు. ఏదో జరగబోతోందని అందరికీ తెలిసిపోయింది.

టీచరు ముందుకొచ్చి రెండు చేతులూ కౌంటరు అద్దం మీద పెట్టింది. గోకీ గోకీ అరచేతులు కందిపోయి ఉన్నాయి.

"చెప్పండి అమ్మగారూ, ఏంటి బాధ?" అన్నాడు షాపాయన, అందరి ముందూ నవ్వులాటగా తేల్చేద్దామని.

"మూడు వారాలుగా నొప్పి. ఇక్కడ." చెయ్యి పెట్టి చూపించింది. "తింటే ఎక్కువవుతుంది. వీపులోకి పోతుంది. ఒళ్ళు దురద. మూత్రం టీ రంగు."

"సరే, ఇవన్నీ ఇంట్లో మాట్లాడుకుందాం."

"ఇంట్లో మూడు వారాలు మాట్లాడాను. మీరు అందరినీ అడిగేది ఒకటుంది. నన్ను అడగలేదు. ఇప్పుడడగండి."

ఆయన చేతిలో కట్టుగుడ్డ చుట్ట ఉంది. దాన్ని ఇటూ అటూ తిప్పాడు. ఏమడగాలో తెలుసు. అడగలేకపోయాడు.

"పోనీ, అడక్కుండానే చెప్తాను."

చెవులు వేడెక్కడం ఆమెకి తెలుస్తూనే ఉంది. పోస్టుమాన్ మనవరాలు తన క్లాసే. పాలబూతు ఆవిడ పెద్దకొడుకు కిందటేడు లెక్కలు తప్పి, తన దగ్గరే కూర్చుని మళ్ళీ రాసి గట్టెక్కాడు. రేపు వీళ్ళందరి ముందూ తలెత్తుకుని తిరగాలి. తిరుగుతాను, అనుకుంది. ఒంట్లో ఉన్న బాధ చెప్పుకుంటే పోయే పరువైతే అది ఉన్నా ఒకటే, పోయినా ఒకటే.

"ఇవాళ మోషన్ తెల్లగా వచ్చింది," అంది, క్లాసులో ఆఖరి బెంచీకి వినపడేంత స్పష్టంగా. "సున్నంలా."

పాలబూతు ఆవిడ బిడ్డని ఈ చంక నుంచి ఆ చంకకి మార్చుకుంది.

"పాలు ఎక్కువ తాగావేమో," అన్నాడు షాపాయన.

"నేను పాలే తాగను. పద్దెనిమిదేళ్ళుగా చూస్తున్నారు."

"ఒక్కోసారి అలా అవుతుంది. రెండు రోజులు చూద్దాం. నేను వేరే మందు..."

పోస్టుమాన్ గొంతు సవరించుకున్నాడు. "డాక్టరు గారూ, మధ్యలో మాట్లాడుతున్నానని ఏమీ అనుకోకండి. కిందటేడు మా ఆవిడకి నల్లగా పోతోందని నేను చెప్పలేక చెప్పలేక గొణుగుతుంటే మీరేమన్నారు? ఇంకా ఇక్కడేం చేస్తున్నావయ్యా అని ఇదే కౌంటరు మీద గుద్ది మరీ పంపారు. కడుపులో పుండు పడి రక్తం కారుతోందని తేలింది అక్కడ. మా ఆవిడ ఇవాళ ఇంట్లో తిరుగుతోందంటే మీ చలవే. మరి టీచరు గారికి రెండు రోజులెందుకు?"

షాపాయన కట్టుగుడ్డ చుట్ట పక్కన పెట్టాడు. కౌంటరు మీదికి వంగి, భార్యకి మాత్రమే వినపడేలా అన్నాడు: "నువ్వు ఆ ఆసుపత్రి మెట్లెక్కితే రేపు నా షాపు మెట్లు ఎవరెక్కుతారు? సొంత పెళ్ళానికి చిన్న నొప్పి తగ్గించలేనివాడని నవ్వరూ?"

టీచరు ఆయన ముఖంలోకి చూసింది. పరీక్షలో సొంతంగా రాసిన జవాబేదో, పక్క కాగితంలో చూసి దింపిందేదో ఆమె ఒక్క చూపులో పట్టేస్తుంది. ఈ జవాబు ఆయనది కాదు. వారానికి పదిమందిని ఆసుపత్రికి పంపే మనిషికి షాపు పరువు ఇవాళ గుర్తొచ్చిందా? ఆ కళ్ళల్లో ఉన్నది పరువూ కాదు, కోపమూ కాదు. భయం.

"అబద్ధం చెప్తున్నారు," అంది. "ఎందుకో నాకు తెలీదు. కూర్చుని అడిగే తీరిక కూడా లేదు. వెళ్తున్నాను."

"వెళ్ళకు." ఆయన కౌంటరు తలుపు మీద చెయ్యి వేశాడు. "నా మాట విను."

"ఇన్నాళ్ళూ విన్నాను. నొప్పే మీ మాట వినలేదు."

వెనక్కి తిరిగింది. వడ్రంగీ పాలబూతు ఆవిడా చెరో పక్కకీ తప్పుకుని దారిచ్చారు.

చేతిసంచీ తీసుకుందామని ఇంటికొచ్చేసరికి మెట్ల మీద వదిన కూర్చుని ఉంది. షాపాయన అక్కగారు. మొగుడు పోయాక తమ్ముడింటి పై వాటాలోకి వచ్చి, కుట్టుమిషను పెట్టుకుని ఎవరి మీదా ఆధారపడకుండా బతుకుతోంది. ఒక చెవి బొత్తిగా వినపడదు. రెండోది ఇష్టమైనప్పుడే వినపడుతుందని టీచరు అనుమానం.

"బడి లేదా?" అంది వదిన.

"ఆసుపత్రికి వెళ్తున్నా వదినా."

"ఎక్కడికి?"

"ఆసుపత్రికి."

"దేనికి?"

"కడుపునొప్పి. దొడ్డికి తెల్లగా వచ్చింది."

"ఏమొచ్చింది?"

టీచరు ఊపిరి పీల్చుకుని, ఎదురింటి కిటికీలు కూడా తెరుచుకునేంత గట్టిగా మళ్ళీ చెప్పింది. ఇంకేముంది, వీధిలో తెలియనివాళ్ళు లేకుండా పోయారు. చిత్రంగా ఆమెకి కాస్త తేలికనిపించింది.

వదిన ముఖంలో రంగు పోయింది. చేతిలో ఉన్న జాకెట్టు ముక్క ఒడిలోకి జారిపోయింది. ఇప్పుడీవిడ కూడా అడ్డం పడుతుంది, తమ్ముణ్ణి కాదని వెళ్తావా అంటుంది అని టీచరు సిద్ధంగా ఉంది. వదిన లేచి లోపలికి వెళ్ళింది. చెప్పులేసుకుని, టీచరు చేతిసంచీ పట్టుకుని, గొళ్ళెం పెట్టి వచ్చింది.

"నిలబడ్డావేంటి? ఆటో పిలువు."

ఆటోలో వదిన వినపడే చెవి వైపు టీచరుని కూర్చోబెట్టుకుంది. ఆటో వీధి మలుపు తిరిగింది. తర్వాత ఇంజను చప్పుడుని మించిన గొంతుతో మొదలుపెట్టింది.

"మా అమ్మ ఎలా పోయిందో మా తమ్ముడు నీకేం చెప్పాడు?"

"ఆపరేషన్ వికటించిందన్నారు."

"వాడికి తెలిసింది అంతే. అమ్మకీ ఇలాగే, ఇక్కడే నొప్పి. కళ్ళు పచ్చబడ్డాయి. ఒకరోజు పెరట్లో నన్ను పిలిచి, దొడ్డికి తెల్లగా పోతోందే, ఎవరితోనూ అనకు, మగపిల్లల ముందు పరువు పోతుంది అంది. నేను అనలేదు. నెల రోజులు అనలేదమ్మాయ్. చలిజ్వరం వచ్చి పడిపోయాక తీసుకెళ్ళాం. తమ్ముడికి అప్పుడు ఇరవై ఏళ్ళు. కాగితం మీద వాడే సంతకం పెట్టాడు. మూడో రోజు అమ్మ పోయింది." వదిన చీర చెంగు పిండినట్టు మెలితిప్పింది. "ఆసుపత్రి చంపిందని వాడి లెక్క. ఆలస్యం చంపిందని నా లెక్క. వాడికి ఏనాడూ చెప్పలేదు. చెప్తే, మరి నువ్వెందుకు నోరు మూసుకున్నావని అడుగుతాడు కదా."

టీచరు ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఆటోవాడు అద్దంలోంచి ఇద్దర్నీ చూసి వేగం పెంచాడు.

ఆసుపత్రిలో పేరు రాసే కిటికీ దగ్గర గుమాస్తా "ఇంతకుముందు వచ్చారా?" అని అడిగాడు. లేదంది. ఫోన్ నంబరు చెప్పమని కొట్టి చూసి, "రెండేళ్ళ కిందట వచ్చారే, పాత నంబరుంది" అన్నాడు. ఆమెకి అప్పుడు గుర్తొచ్చింది. బడిలో టీచర్లందరికీ ఆరోగ్య పరీక్షలన్నారు. కడుపులో అప్పుడప్పుడు బరువుగా ఉంటుందని చెబితే, ఇక్కడికి పంపి స్కాను తీయించారు. రిపోర్టు షాపాయనే వచ్చి తీసుకున్నాడు. అంతా బాగుంది, గ్యాసే అన్నాడు.

అత్యవసర విభాగంలో ఒక కుర్ర డాక్టరమ్మ ఆమెని మంచం మీద పడుకోబెట్టింది. కళ్ళ కింద రెప్ప లాగి చూసింది. కుడి పక్కటెముకల కింద నాలుగు వేళ్ళు ఆనించి, "గట్టిగా ఊపిరి తీసుకోండి" అంది. తీసుకోబోయిన ఊపిరి నొప్పికి మధ్యలోనే తెగిపోయింది.

"మోషన్ ఏ రంగులో వస్తోందమ్మా?"

ఆ ప్రశ్న వినడానికి మూడు వారాలు పట్టింది. టీచరు చెప్పింది. మెలికలు తిరగలేదు.

"జ్వరం, చలి ఏమైనా?"

"లేదు... ఇప్పుడే కాస్త చలిగా ఉంది."

డాక్టరమ్మ థర్మామీటరు పెట్టి చూసింది. నూట ఒకటిన్నర. ఆమె చేతులు అక్కణ్ణుంచి వేగంగా కదిలాయి. సెలైను, రక్తం, సూది మందు, స్కాను అని నర్సుకి గబగబా పురమాయించింది.

"చూడండమ్మా, లివర్లోంచి పేగులోకి పసరు వచ్చే గొట్టం ఒకటి ఉంటుంది. మోషన్‌కి ఆ రంగు దానివల్లే. ఆ దారి మూసుకుపోతే మోషన్ తెల్లబడుతుంది. పేగులోకి పోవాల్సిన పసరు రక్తంలో కలిసి కళ్ళు పచ్చబడతాయి, మూత్రం ముదురుతుంది. దాని మీద చలిజ్వరం కూడా వచ్చిందంటే లోపల చీము పడుతోందేమోనని చూడాలి. ఇవాళ రావడం మంచిదైంది. రెండు రోజులాగి ఉంటే మిమ్మల్ని మోసుకురావాల్సి వచ్చేది." తర్వాత కంప్యూటర్ వైపు తిరిగి, ఏదో చదివి, కనుబొమలు ముడిచింది. "అయినా రాళ్ళున్నాయని మీకు ముందే తెలుసు కదా. నొప్పి మొదలవగానే ఎందుకు రాలేదు?"

"ఏ రాళ్ళు?"

"రెండేళ్ళ కిందటి స్కానులో ఉంది. పసరు నిలవుండే సంచిలో, అదే గాల్ బ్లాడర్‌లో, మూడు చిన్న రాళ్ళు. వాటిలో ఒకటి జారి గొట్టంలో పడినా ఇలాగే దారి మూసుకుపోతుంది. ఇప్పుడేం చేయక్కర్లేదు, నొప్పి గానీ కామెర్లు గానీ వస్తే వెంటనే రావాలని కింద రాశారు కూడా." డాక్టరమ్మ తెర ఆమె వైపు తిప్పింది. "మీకు చెప్పలేదా?"

రిపోర్టు అందుకున్నట్టు కింద సంతకం ఉంది. చివర్లో తోకలా కిందికి లాగిన గీత. ఆ గీతని ఆమె వేల చీటీల మీద చూసింది. ఎక్కడున్నా గుర్తుపడుతుంది.

గ్లాసుల చప్పుడు, మంచాల చక్రాల చప్పుడు, పక్క తెర వెనక ఎవరో మూలగడం, అన్నీ దూరంగా వినిపించాయి. రెండేళ్ళు. తను నవ్వుతూ తిరిగిన, పిల్లల కాగితాలు దిద్దిన, ఆయన పక్కన కూర్చుని మందులు తీసిచ్చిన రెండేళ్ళూ తన ఒంట్లో ఉన్నదేమిటో ఆయనకి తెలుసు. తనకి తెలీదు.

స్కాను గదికి వెళ్ళొచ్చేసరికి షాపాయన మంచం పక్కన నిలబడి ఉన్నాడు. పట్టపగలు షట్టరు దించేసి వచ్చాడు. చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పాయి. వదిన ఇటు స్టూలు మీద కూర్చుని తమ్ముడి వంక చూడకుండా కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"ఎలా ఉంది?" అన్నాడు.

"మీకు తెలియనిదేముంది? రెండేళ్ళ కిందటే చదివారుగా."

ఆయన మంచం అంచు పట్టుకున్నాడు. బొంకడానికి నోరు తెరిచి, ఆమె ముఖం చూసి మూసుకున్నాడు. ఆ తర్వాత వచ్చింది నిజం. ముక్కలు ముక్కలుగా వచ్చింది.

"చెప్తే ఆపరేషన్ చేయించుకుందామంటావు. నువ్వు ఏదీ రేపటికి వాయిదా వేసే మనిషివి కాదు. అమ్మని లోపలికి పంపిస్తూ సంతకం పెట్టింది నేను. తిరిగి తెచ్చుకున్నదీ నేనే. గుడ్డలో చుట్టి. నీక్కూడా... నా చేత్తో మళ్ళీ..." కళ్ళు తుడుచుకున్నాడు. "చాలామందికి ఆ రాళ్ళు ఏళ్ళ తరబడి ఊరికే పడి ఉంటాయి. ఊరికే ఉంటాయిలే అనుకున్నాను. నొప్పి మొదలయ్యాక అది గ్యాసే అయ్యుండాలని రోజూ కోరుకున్నాను. రంగు అడిగితే నువ్వేం చెప్తావో అని అడగలేదు."

టీచరుకి జాలేసింది. కోపం మాత్రం రవ్వంత కూడా తగ్గలేదు. ఆ రెండూ ఒకే గుండెలో పక్కపక్కన కూర్చోగలవని ఆమెకి అప్పుడే తెలిసింది.

"భయం మీది," అంది. "కడుపు నాది. మీ భయాన్ని తెచ్చి నా కడుపులో దాచారు. అందరి రిపోర్టులూ చదివి విడమరిచి చెప్తారే, నాది నాకెందుకు చెప్పలేదు? నేను చదవలేనా? భయపడితే ఇద్దరం కలిసి భయపడేవాళ్ళం. ఆ హక్కు కూడా నాకివ్వలేదు."

"తప్పే."

"తప్పని ఒప్పుకుంటే అయిపోయేది కాదిది. బతికి బయటికొచ్చాక మాట్లాడుకుందాం. తప్పకుండా మాట్లాడుకుందాం."

వదిన కిటికీ వైపు నుంచి తల తిప్పింది. "ఒరేయ్ తమ్ముడూ, అమ్మని చంపింది నీ సంతకం కాదు."

"నువ్వూరుకో అక్కా."

"ఊరుకునే ఇంతదాకా తెచ్చాను. ఇంక ఊరుకోను." ఆసుపత్రి హాలంతా వినపడేలా వదిన ఆటోలో చెప్పిందంతా మళ్ళీ చెప్పింది. పెరట్లో అమ్మ చెప్పిన మాట, నెల రోజులు తను నోరు మెదపకపోవడం, ఏదీ దాచలేదు. షాపాయన గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్ళుగా మోసిన బరువు తనది కాదని తెలిస్తే మనిషి తేలికవుతాడనుకుంటాం. ఆయన మాత్రం దాన్ని ఎక్కడ దించాలో తెలియనివాడిలా చేతులు చూసుకుంటూ ఉండిపోయాడు.

అంతలో నర్సు అట్టకి బిగించిన కాగితంతో వచ్చింది. నోట్లోంచి గొట్టం, దాని కొసన కెమెరా పంపి మూసుకుపోయిన దారి తెరుస్తారట. కాగితాన్ని షాపాయన వైపు చాపింది. "భర్తగారేగా? ఇక్కడ సంతకం పెట్టండి సార్."

ఆయన లేచాడు. కలం అందుకోబోయిన చెయ్యి గాల్లోనే ఆగింది.

"ఇటివ్వండి," అంది టీచరు.

"మగవాళ్ళు ఎవరైనా పెడితే..." అని నసిగింది నర్సు.

"తెలివిలోనే ఉన్నారుగా. ఆవిడే పెట్టాలి," అంది అవతల మంచం దగ్గర్నుంచి డాక్టరమ్మ, తలెత్తకుండానే.

టీచరు కాగితం మొదటి పంక్తి నుంచి చివరి పంక్తి దాకా చదివింది. ఏమేం జరగొచ్చో రాసి ఉన్న చోట రెండుసార్లు చదివింది. చలికి పళ్ళు టకటకలాడుతున్నాయి, కలం నిలవడం లేదు. వదిన అట్ట కింద చెయ్యి పెట్టి పట్టుకుంది. సంతకం వంకరగా వచ్చింది. అయితేనేం, ఆమెదే.

మంచం చక్రాల బ్రేకులు తీస్తుండగా తలుపు తోసుకుని పెద్ద డాక్టరు వచ్చాడు. నెరిసిన జుట్టు, చేతిలో ఇందాకటి స్కాను ఫిలిం. వచ్చినవాడు దీపం కింద దాన్ని మళ్ళీ ఒకసారి పైకెత్తి చూసుకున్నాడు. ఆమె వైపు చూసి ఓ చిన్న నవ్వు నవ్వాడు. ఆ నవ్వు ఆమెకి నచ్చలేదు. తర్వాత షాపాయన భుజం మీద చెయ్యి వేసి, "మీరొకసారి బయటికి రండి, మాట్లాడాలి" అన్నాడు.

షాపాయన అడుగు వేశాడు. వేసి, ఆగిపోయాడు. భార్య వైపు చూశాడు.

"ఆయన్ని తీసుకెళ్ళకండి," అంది టీచరు. "ఇక్కడే చెప్పండి. నాకు చెప్పండి."

"ముందు మీరు కంగారు పడకుండా విశ్రాంతిగా..."

"నా సంగతి నాకు తెలియకుండా రెండేళ్ళు విశ్రాంతిగానే ఉన్నాను డాక్టరు గారూ. చాలు."

పెద్ద డాక్టరు డాక్టరమ్మ వైపు చూశాడు. ఆమె చిన్నగా తలూపింది. ఆయన షాపాయన భుజం మీది చెయ్యి తీసేసి, మంచం దగ్గరికి వచ్చి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"గొట్టం మూసుకుపోయిన మాట నిజమేనమ్మా," అన్నాడు. "గాల్ బ్లాడర్‌లో మూడు రాళ్ళుండేవి కదా. ఆ మూడూ అక్కడే, ఉన్న చోటనే ఉన్నాయి. గొట్టంలో రాయేదీ లేదు."

వదినకి వినపడలేదు. "ఏమంటున్నాడు?" అంది.

టీచరు మోచేతుల మీద ఆనుకుని, డొక్కలో పొడుస్తున్న నొప్పిని పళ్ళ బిగువున ఆపుకుని, లేచి కూర్చుంది.

"అయితే అడ్డం పడింది రాయి కాదన్న మాట," అంది. "ఏంటో చెప్పండి. వింటున్నాను."